ఐటీఐనా, పాలిటెక్నిక్కా, ఎంపీసీనా? ఒక అమ్మగారికి జవాబు

తెనాలి దగ్గర పల్లె నుంచి ఒక అమ్మగారు రాశారు. వాళ్లబ్బాయి ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాశాడు, ప్రీ ఫైనల్లో 600కి 390 వచ్చాయి. భర్త తాపీ మేస్త్రి. అబ్బాయి రెండేళ్లుగా సెలవులొస్తే చాలు మోటార్ వైండింగ్ షాపులోనే ఉంటున్నాడు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తానంటున్నాడు. బంధువులేమో "ఐటీఐ చదువు అబ్బనివాళ్లకి, విజయవాడ హాస్టల్లో ఎంపీసీలో వేసేయండి" అంటున్నారు. ఒక కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి ఐదు వేలు అడ్వాన్సు కూడా తీసుకెళ్లాడు. ఏం చేయమంటారని అడిగారు.

అమ్మా, ముందు ఆ ఐదు వేల సంగతి. తిరిగి ఇమ్మని అడగండి, ఇస్తే మంచిదే, ఇవ్వకపోయినా ఆ డబ్బు పోతుందన్న బాధతో పిల్లాణ్ణి రెండేళ్లు ఇష్టం లేని చోట పెట్టకండి. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ తప్పి, రెండుసార్లు సప్లిమెంటరీ రాసి, చివరికి ఐటీఐ అప్లికేషన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చే పిల్లల్ని ప్రతి జూన్‌లో చూస్తాను. వాళ్లలో చాలామంది పది అయిన రోజు ఇదే అడిగినవాళ్లు, ఇంట్లో వద్దన్నారు.

చదువు అబ్బనివాళ్ల పని అన్నారు కదా. మీరొకసారి ఆ వైండింగ్ షాపు ముందు పావుగంట నిలబడి చూడండి. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ కోసి, ఒక్కో కాయిల్‌కి ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి రాసుకుని, అదే గేజి తీగతో మళ్లీ చుట్టి, స్లాట్లలో కూర్చి, వార్నిష్ పోసి ఆరబెడతారు. చుట్లు తప్పితే మోటారు వేడెక్కి మళ్లీ కాలిపోతుంది. సెలవుల్లో ఆడుకోవడం మానేసి ఆ పని దగ్గర కూర్చునే పిల్లాడికి చదువు రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాకపోతే షాపులో ఎంత పని నేర్చుకున్నా చేతికి కాగితం రాదు. మోటారు ఎందుకు కాలిందో, త్రీ ఫేజ్ అంటే లోపల ఏం జరుగుతుందో అక్కడ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఈ రెండూ ఇచ్చే చోటు కావాలి మీ వాడికి.

అలాంటివి రెండున్నాయి. నా ఓటు మొదట పాలిటెక్నిక్‌కి, మూడేళ్ల ఎలక్ట్రికల్ డిప్లొమాకి. దానికి పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ నుంచే 120 ప్రశ్నలు, తప్పు రాస్తే మార్కులు కోయరు. గుంటూరులో, విజయవాడలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, మీకు దగ్గరే. హాస్టల్ ఎంపీసీకి అయ్యే ఖర్చుతో పోలిస్తే అక్కడి ఫీజు లెక్కలోకి రాదు. డిప్లొమా అయ్యాక ఇంకా చదవాలనిపిస్తే ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఈసెట్‌లో 200 మార్కులకి వంద బ్రాంచి సబ్జెక్టువే, అంటే వాడికి ఇష్టమైనదే సగం పేపరు. చదవాలనిపించకపోతే రైల్వే జూనియర్ ఇంజనీర్ లాంటి పోస్టులకి డిప్లొమానే అర్హత.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాచను. డిప్లొమా మొదటి ఏడాది లెక్కలంటే ఇంటర్ లెక్కల్నే కుదించి పెట్టినట్టుంటాయి, మాత్రికలు, త్రికోణమితి, అవకలనం అన్నీ వస్తాయి, అదీ ఇంగ్లీషులో. చాలామందికి బ్యాక్‌లాగ్ పడేది, అంటే సబ్జెక్టు తప్పి మిగిలిపోయేది అక్కడే. వాడు తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా మీరు రాయలేదు. తెలుగైతే ఈ వేసవిలోనే లెక్కల మాటలు ఇంగ్లీషులో అలవాటు చేయించండి, ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజుకి పది రాసుకుంటే చాలు.

పేపరు మీద లెక్కలంటేనే వాడికి టెన్షన్ అయితే మాత్రం బలవంతం వద్దు, ఐటీఐకే పంపండి, సంతోషంగా పంపండి. ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు, సీటు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి పదితోపాటు ఈ ఐటీఐ ఉంటే అప్లై చేయొచ్చు, ఉత్త ఇంటర్‌తో కుదరదు. 2019లో గ్రామ సచివాలయాలకి జూనియర్ లైన్‌మెన్లను తీసుకున్నప్పుడు కూడా అడిగింది ఐటీఐ ఎలక్ట్రికల్, వైర్‌మన్, లేదంటే ఇంటర్ వొకేషనల్లో ఎలక్ట్రికల్ కోర్సు. స్తంభం ఎక్కించి చూశారు, సైకిల్ తొక్కించారు, మీటర్ రీడింగ్ తీయించారు. ఐటీఐ అయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేస్తే నెలనెలా స్టైపెండ్ కూడా వస్తుంది, రైల్వేలోనూ విశాఖ నేవల్ డాక్‌యార్డులోనూ ఇలా తీసుకుంటారు. ఆ తర్వాత డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలు కూడా ఉంది కాబట్టి ఐటీఐతో చదువు ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు.

ఏ ఐటీఐ అన్నది మాత్రం చాలా ముఖ్యం. ప్రభుత్వ ఐటీఐకే మొదటి ఆప్షన్ పెట్టండి. ప్రైవేటుదైతే కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం డీజీటీ గుర్తింపు (ఇదివరకు ఎన్‌సీవీటీ గుర్తింపు అనేవారు) ఉందో లేదో చూసి, ఆఫీసు గదిలో మాట్లాడి వచ్చేయకుండా వర్క్‌షాపులోకి వెళ్లండి. మోటార్ల మీద దుమ్ము పేరుకుని ఉందా? ఎవరైనా పిల్లాణ్ణి ఆపి, "ఈ వారం నీ చేత్తో ఏం చేశావు నాయనా" అని అడగండి. వాడు తడుముకుంటే అక్కడ చేర్చొద్దు. "రోజూ రానక్కర్లేదు, పరీక్షకి వస్తే చాలు, సర్టిఫికెట్ మేం చూసుకుంటాం" అన్నారంటే వెంటనే లేచి వచ్చేయండి, పని రాని సర్టిఫికెట్ వాణ్ణి ఎక్కడా నిలబెట్టదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. పాలిసెట్‌కీ ఐటీఐకీ రెండింటికీ అప్లై చేయించండి, ఒకటి పెడితే ఇంకొకటి పోదు. ఈ ఆదివారం పాత పాలిసెట్ పేపరు ఒకటి తెచ్చి, సెల్‌ఫోన్ పక్కనపెట్టించి, రెండు గంటలు కూర్చోబెట్టి రాయించండి. లెక్కల్లో సగం పైగా సొంతంగా చేశాడంటే పాలిటెక్నిక్ ఖాయం చేసుకుందాం. మీ వారు కూడా ఆ పూట ఇంట్లో ఉంటే బాగుంటుంది. ఎన్ని వచ్చాయో, ఏ లెక్కల దగ్గర ఆగిపోయాడో నాకు రాయండి.