లంకలో కాపురానికి వెళ్తున్న అమ్మలుకి

చి॥సౌ॥ అమ్మలుకి, పెద్దమ్మ దీవించి వ్రాయునది.

ఆషాఢం వెళ్లగానే మళ్లీ అత్తారింటికి బయల్దేరతావు. శ్రావణం అంటే నీకు పేరంటాలు, నాకు ఎర్రనీళ్లు, అదే గోదారి వరద. నలభై ఏళ్లకు పైగా ఏటి మధ్య లంకలో కాపురం చేసినదాన్ని కాబట్టి రాస్తున్నాను. మీ అత్తగారికి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు. కానీ ఆవిడ చెబితే నీకు ఆజ్ఞలా వినబడుతుంది.

మన లంకలు ఏటిగట్లకి లోపలున్నాయి. గట్టు బయటి ఊళ్లనే కాస్తుంది. అందుకని మబ్బుని చూసి వరద లెక్కలు వెయ్యకు, ఫెళ్లున ఎండ కాసే రోజునే నీళ్లొస్తాయి. నీ చెవి ఎగువనున్న భద్రాచలం మీదుండాలి. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు మన దాకా రావడానికి ఇంచుమించు ఒక రోజు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులు అన్నారంటే సర్దడం మొదలెట్టు. 17.75 అనేసరికి నువ్వు గట్టు మీదుండాలి. ఇంట్లో నెలలు నిండినవాళ్లుంటే అంతకు చాలా ముందే పడవ ఎక్కించండి.

1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులొచ్చింది. మా మామగారు "అరుగు దాటి ఎప్పుడొచ్చిందీ?" అంటూ కదల్లేదు. చీకటిపడేసరికి అరుగు మునిగింది, అందరం అటకెక్కాం. చూరులో ఒక పక్క మేము, ఇంకో పక్క రెండు పాములు. ఎవరి భయం వాళ్లది. ఆ హడావిడిలో పాడిగేదె పలుపు విప్పలేదు. మర్నాడు పొద్దున్న చూసింది నీకు రాయను. పశువుల్ని ముందురోజే గట్టెక్కించు. వీలవకపోతే పలుపు కోసి వదిలెయ్. గేదె ఈదుకుంటుంది, రాటకి కట్టేస్తే ఏం చేస్తుంది పాపం.

బియ్యం, పాసుపుస్తకం, కార్డులు అటక మీదకి. తాగేనీళ్లు ఉన్న బిందెలన్నిటిలో పట్టి మూతలు పెట్టు. తర్వాత బావి తోడించి బ్లీచింగ్ వేసేదాకా అవే గతి.

అసలు చెప్పాలనుకున్నది ఒండ్రు సంగతి. వరద తీస్తుంటే అందరూ గట్టు మీద నిలబడి, పూర్తిగా తియ్యనీ అప్పుడు వెళ్దాం అంటారు. నువ్వు ఆగకు. గుమ్మంలో నీరు మోకాలికి దిగిందంటే ఒక కర్ర పుచ్చుకుని, పాముల్ని చూసుకుంటూ లోపలికెళ్లు. ముందు గోడల మీద మరక ఫోన్‌లో ఫొటో తీయి. మాకు ఒక ఏడు నష్టం రాసుకోడానికి వచ్చినాయన, కడిగిన ఇల్లు చూసి ఏమీ పోలేదని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అడుగునున్న మట్టిని ఆ నీళ్లలోనే కలియబెట్టి, దిగే నీటితోపాటే గుమ్మం దాటించెయ్. పెరటివైపు మూల నుంచి వీధి గుమ్మానికి, ఒక్కో గదీ. గోదారి తెచ్చిన మట్టిని గోదారే తీసుకుపోవాలి. రెండు రోజులు ఆగావా, అది బిగుసుకుంటుంది, గునపంతో పెళ్లగించాలి. 86లో మాకు వారం పట్టింది, 2022 జూలైలో ఒక పూట.

పొలంలో ఒండ్రుని మాత్రం తిట్టుకోకు. అరటి కుళ్లిపోతే పోయింది, ఆ మేట మీద కూరగాయలు ఎలా కాస్తాయో చూస్తావుగా. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి విరిగిపోతే చాలామంది మిగిలిన చెట్లూ కొట్టించేశారు. మొవ్వు, అంటే తల మధ్య చిగురు, బతికున్న చెట్టుని మేం ఉంచాం. రెండు మూడేళ్లు కాపు సరిగా లేదు, తర్వాత అదే తిండి పెట్టింది. తిరిగి రానిది కోత ఒక్కటే. ఏరు కోసుకుపోయిన నేల పాసుపుస్తకంలో ఉంటుంది, కాళ్ల కింద ఉండదు. ఇల్లు కడతామని మీవాళ్లు అన్నప్పుడు, ఒడ్డుకి ఎంత దూరమో అడగడానికి మొహమాటపడకు.

శ్రావణ సారెతోపాటు మీ పెదనాన్నగారి ధాన్యం నెట్టే చెక్క కూడా పంపుతున్నాను. మీ అమ్మ నవ్వింది. పొడుగు పిడిది, నడుం వంచకుండా నీళ్లూ మట్టీ నెట్టొచ్చు. దాన్ని పెరట్లో పెట్టకు, మొదట కొట్టుకుపోయేది పెరడే.

ఇట్లు,
పెద్దమ్మ