రాళ్లుప్పులో మెట్లు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పిల్లలు బడికి వెళ్లాక ఫోన్‌తో ఫొటోలు తీయడం అలవాటైంది. మహేంద్రగిరికో, గోపాలపూర్ సముద్రానికో వెళ్తే తీయడానికి చాలా ఉంటాయి, కానీ నాకు కుదరదు. ఇంట్లో వస్తువులు తీస్తే చప్పగా ఉంటున్నాయి. దగ్గరగా పెడితే మసక. మంచి కెమెరా కొనాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. ముందు ఉప్పు డబ్బా తీయండి. పొడి ఉప్పు కాదు, రాళ్లుప్పు. మా గంజాం జిల్లా హుమా ఉప్పుమడుల్లో ఎండకు పండే రకం. నల్ల కాగితం మీద నాలుగు రాళ్లు వేసి, పొద్దున పూట కిటికీ పక్కన పెట్టండి. కొన్నింటి ముఖం మధ్యలో నలుచదరపు గుంట ఉంటుంది, కోనేరులా మెట్లు మెట్లుగా లోపలికి దిగుతూ. ఉప్పునీరు ఆవిరయ్యేటప్పుడు స్ఫటికం అంచులు నడిమి భాగం కన్నా తొందరగా పెరుగుతాయి, అందుకే ఆ మెట్లు. అన్నింటిలోనూ ఉండవు, ఓపిగ్గా ఏరుకోవాలి. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లి అంచులు కరిగిపోతాయి కాబట్టి ఎండ రోజు చూసుకోండి.

ఇక మసక సంగతి. చాలా ఫోన్లలో మామూలు లెన్సు మరీ దగ్గరి వస్తువును పట్టలేదు. జానెడు దూరం నుంచి తీసి, తర్వాత క్రాప్ చేసుకోండి. ఇంకా దగ్గరికి వెళ్లాలంటే ఫోన్‌కు తగిలించే క్లిప్ మాక్రో లెన్సు చాలు. దానితో స్పష్టంగా వచ్చే మందం చాలా తక్కువ, ఊపిరి పీల్చినా తప్పిపోతుంది. ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. ఫ్లాష్ వద్దే వద్దు. ఎదురుగా పడే వెలుగులో గరుకంతా చదునైపోతుంది. పక్క నుంచి వాలుగా పడాలి.

అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ అనే ఫొటోగ్రాఫర్ 1930లో ఒక క్యాప్సికంను రేకు గరాటులో పెట్టి ఫొటో తీశాడు. గరాటు లోపలి రేకు వెలుగును తిప్పి కాయ ఒంపుల మీదికి కొట్టింది. ప్రపంచమంతా చూసిన ఫొటో అది. కూరగాయ, గరాటు మీ ఇంట్లోనూ ఉంటాయి కదా.

బరంపురం పట్టుచీర ఉంటే తప్పక తీయండి. మా ఆవిడ పెళ్లి చీరను అందరూ మెరూన్ అనేవాళ్లు. లెన్సు పెట్టి చూస్తే మెరూన్ పోగు ఒక్కటీ లేదు. పడుగు (నిలువు పోగు) ఎరుపు, పేక (అడ్డపోగు) నలుపు! స్టూడియోలో ఎన్నో పెళ్లిచీరలు తీసినవాణ్ణి, అయినా ఆ పూటంతా ఆ అంచు వదల్లేకపోయాను. మీ ఊరి కొమ్ము దువ్వెన దొరికితే వెలుగుకు అడ్డంగా పట్టండి. పళ్ల దగ్గర కొమ్ము పలచన కాబట్టి వెలుగు లోపలికి దిగి చారలు బయటపడతాయి.

తీసినవి పంపండి. ఏ వేళ తీశారో, కిటికీ ఏ వైపు ఉందో కూడా రాయండి, చూసి చెబుతాను.

ప్రశ్న: మసక ఫొటోకు యాప్‌లో షార్ప్‌నెస్ పెంచితే సరిపోదా?
– రాయగడ పాఠకుడు

జవాబు: సరిపోదు బాబూ. అది ఉన్న అంచుల్ని ముదురు చేస్తుందంతే, కెమెరా పట్టని పోగును తెచ్చిపెట్టలేదు. లెన్సు మీద వేలిముద్ర ఉందేమో చూసి, మెత్తని నూలుగుడ్డతో తుడిచి మళ్లీ తీయండి.