నాన్నగారు పోయాక పుస్తకం బుర్రకెక్కట్లేదంటే

నాన్నగారు పోయాక ఏ పుస్తకమూ ఎక్కట్లేదు, చదవడం మీద ఇష్టమే పోయిందా అని ఒకరు అడిగారు. మీకు ఆ ఇష్టం పోలేదండీ. రెండు నెలలే అయిందన్నారు, దుఃఖంలో ఏకాగ్రత దెబ్బతినడం మామూలే. ఒకే పేజీ నాలుగుసార్లు చదివినా ఎక్కకపోవడం అందుకే. పైగా పట్టుకున్నది 500 పేజీల కొత్త నవల. ఎవరికి ఎవరేమవుతారో గుర్తుపెట్టుకునే ఓపిక ఇప్పుడెక్కడిది?

1. ఆ నవల అటకెక్కించండి.

2. ఇదివరకు చదివిన పుస్తకమే తీయండి. చాలామంది వదిలేసేది ఇదే. "తెలిసిన కథేగా" అనుకుంటారు. తెలిసిందే కావాలి! తర్వాత ఏమవుతుందోనన్న టెన్షన్ ఉండదు, మధ్యలో మనసు ఎటో పోయినా మళ్ళీ అందుకోవచ్చు. మా అమ్మ పోయినప్పుడు అట్ట ఊడిన పాత చందమామల బైండు తీశాను. ఒక పేజీ అంచున అమ్మ వేలి పసుపు మరక. ఆ రోజు చదివింది ఒక్క బేతాళ కథ, అదీ సగం. చాలింది.

3. పైకి చదవండి, గొణిగినా సరే. కళ్ళు జారినా గొంతు లైను వదలదు.

4. పాతవి దగ్గర లేకపోతే సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'. 100 ఉన్నాయి, అన్నీ చిన్నవే. వరసగా చదవక్కర్లేదు. చావు కథ తగిలితే పేజీ తిప్పేయండి.

5. ఫోన్ పక్కగదిలో.

నిద్ర, తిండి కూడా పోతుంటే మాత్రం పుస్తకంతో సరిపెట్టుకోకండి. డాక్టరును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.