ఒక్కరే రాసే చిన్న అప్లికేషన్‌కి మోనోలిత్ సరిపోతుందా?

లైబ్రరీ కోసం ఒక్కరే అప్లికేషన్ రాస్తున్నాననీ, మైక్రోసర్వీసులుగా (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా) విడగొట్టాలా, అంతా ఒకే ప్రాజెక్టులో, అంటే మోనోలిత్‌గా పెడితే రేపు ఇబ్బంది అవుతుందా అనీ అడిగారు. ఒకే ప్రాజెక్టులో పెట్టండి. రెండు రకాలుగానూ రాసి చూశాక చెప్తున్నాను.

దాదాపు ఇలాంటిదే నేను మొదట నాలుగు సర్వీసులుగా రాశాను: సభ్యులు, పుస్తకాలు, ఇష్యూ-రిటర్న్, నోటిఫికేషన్లు. దేని డేటాబేస్ దానిదే. ఎవరైనా పుస్తకం తీసుకుంటే ఇష్యూ సర్వీసు తన దగ్గర రికార్డు రాసుకుని, ఒక కాపీ తగ్గించమని పుస్తకాల సర్వీసుకి రిక్వెస్ట్ పంపేది. అది రీస్టార్ట్ అవుతున్న సమయంలో రిక్వెస్ట్ వెళ్తే ఇష్యూ నమోదయ్యేది, కాపీ తగ్గేది కాదు. సరే అని రీట్రై పెట్టాను. ఈసారి కొన్నిసార్లు ఒక్క ఇష్యూకే రెండు కాపీలు తగ్గడం మొదలైంది. మొదటి రిక్వెస్ట్ పని పూర్తిచేసినా దాని జవాబు మధ్యలో పోతే, నా కోడ్ అదే రిక్వెస్ట్ మళ్లీ పంపేది. లెక్క తేలక చాలా టెన్షన్ పడ్డాను.

తర్వాత జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో ఒకే అప్లికేషన్‌గా తిరగరాశాను. ఇష్యూ రాయడం, కాపీ తగ్గించడం ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాను. అయితే రెండూ అవుతాయి, లేదంటే రెండూ కావు. చివరి కాపీ కోసం ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కే సందర్భం కూడా ఉంటుంది. పుస్తకం రికార్డుని ‘సెలెక్ట్ ఫర్ అప్‌డేట్’తో లాక్ చేస్తే రెండో రిక్వెస్ట్ క్షణం ఆగి, కాపీలు లేవని చెప్తుంది. మీలాంటి చిన్న అప్లికేషన్‌లో మోనోలిత్ ఇచ్చే అసలు లాభం నా దృష్టిలో ఇదే.

ఒక్క జాగ్రత్త. ట్రాన్సాక్షన్ లోపల మెయిల్ పంపకండి. నేను పంపాను; తర్వాతి లైన్లో ఎర్రర్ వచ్చి డేటాబేస్ మార్పులన్నీ వెనక్కి పోయాయి, మెయిల్ మాత్రం సభ్యుడికి చేరిపోయింది. జాంగోలో దీనికోసమే ‘ఆన్ కమిట్’ ఉంది; ట్రాన్సాక్షన్ విజయవంతంగా పూర్తయ్యాకే అందులో పెట్టిన పని నడుస్తుంది.

ఒకే ప్రాజెక్టు అన్నాను కదా అని అంతా కలగాపులగం చేయొద్దు. సభ్యులకి ఒక ఫోల్డర్, పుస్తకాలకి ఒకటి, ఇష్యూకి ఒకటి పెట్టుకోండి. ఇష్యూ కోడ్ పుస్తకాల టేబుల్‌ని నేరుగా ముట్టుకోకూడదు, పుస్తకాల ఫోల్డర్‌లోని ఫంక్షన్‌నే పిలవాలి. దీన్నే మాడ్యులర్ మోనోలిత్ అంటారు. ఆన్‌లైన్ షాపులకి సాఫ్ట్‌వేర్ ఇచ్చే షాపిఫై అంత పెద్ద కంపెనీ కూడా తన ప్రధాన అప్లికేషన్‌ని ఇలాగే నడుపుతోంది.

వాడేవాళ్లు పెరిగితే అనే భయం చాలామందికి ఉంటుంది. అదే అప్లికేషన్‌ని రెండు మూడు సర్వర్లలో నడిపి, వచ్చే రిక్వెస్టులని వాటి మధ్య పంచే లోడ్ బ్యాలెన్సర్‌ని ముందు పెట్టొచ్చు. సెషన్లు (ఎవరు లాగిన్ అయ్యారన్న సమాచారం), అప్‌లోడ్ చేసిన ఫైళ్లు ఒక్క సర్వర్ డిస్క్‌లోనే ఉండకపోతే చాలు. నాకైతే నెమ్మదించిన ప్రతిసారీ కారణం ఇండెక్స్ (డేటాబేస్‌లో త్వరగా వెతకడానికి ఉండే సూచిక) లేని క్వెరీయే. విడగొడితేనే పెద్ద లోడ్‌కి మేలని కూడా లేదు: అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఒక బృందం, వీడియో నాణ్యతను గమనించే తమ వ్యవస్థను విడి భాగాల నుంచి ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చి ఖర్చు 90 శాతానికి పైగా తగ్గించుకున్నట్టు 2023లో రాసింది.

ఏదో ఒక భాగం మీద లోడ్ మిగతా వాటికి పొంతన లేనంతగా పెరిగినప్పుడు, లేదా వేర్వేరు బృందాలు ఒకరి రిలీజ్ కోసం మరొకరు ఆగాల్సి వచ్చినప్పుడు విడగొట్టడం గురించి ఆలోచించండి. ఫోల్డర్ల మధ్య గీత చెరిపేయకుండా ఉంచితే, ఆ రోజున ఆ ఒక్క భాగాన్నే బయటికి తీయొచ్చు.