ప్యానెల్ విప్పబోయే మేనల్లుడికి

అబ్బాయీ,

ఆ పాత సెస్నా 172 చిన్న విమానం ప్యానెల్లో, వాలునీ దిక్కునీ చూపే పాత గైరో మీటర్లు పీకేసి, వాటి బదులు రెండు గార్మిన్ జీ5 ఎలక్ట్రానిక్ తెరలు బిగించబోతున్నావని అక్కయ్య ఫోన్లో చెప్పింది. వీధరుగు మీద కూర్చున్న నలుగురికీ వినబడేలా మళ్లీ చెప్పించుకున్నాను. తీరా పని అయ్యాక విమానం మధురపూడిలోనే ఉంటుందన్నాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. జూన్ నుంచి నవంబరు దాకా మన గాలిలో చెమ్మ ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, అప్పడం కూడా గంటలో మెత్తబడిపోతుంది.

కాగితాల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను: ఈ మార్పుకి ఇచ్చిన అనుమతి పత్రం, అదే ఎస్టీసీ, మీ మోడలుకి వర్తిస్తుందో లేదో చూసుకుని, విమానయాన శాఖ డీజీసీఏ ఆమోదం చేతికొచ్చాకే స్క్రూడ్రైవరు పట్టుకో. జీ5 పాత 79 మిల్లీమీటర్ల రంధ్రంలోనే కూర్చుంటుంది, రేకు కొయ్యక్కర్లేదు. వేగం చూపే ఎయిర్‌స్పీడ్ మీటరు, ఎత్తు చూపే ఆల్టీమీటర్ కదపకు; తెర మీద ఆ అంకెలు కనబడుతున్నా అసలువి పాతవే. పాత గైరోలని తిప్పే వాక్యూమ్ పంపు తీస్తే ఆ చోట గ్యాస్కెట్‌తో కవర్ ప్లేటు వేసి, బరువు లెక్క మళ్లీ కట్టు.

నా భయమంతా కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే గ్రౌండ్ వైరు గురించే. మా రోజుల్లో ఒక ప్యానెల్ పనిలో గ్రౌండ్ లగ్‌ని, అంటే ఆ వైరు చివరి రింగుని, రంగు పూసిన రేకు మీదే బిగించేశాం. స్క్రూ మరలు అల్యూమినియాన్ని కొరికి పట్టుకున్నాయి కాబట్టి ఆ రోజు అన్నీ వెలిగాయి, మల్టీమీటరూ బాగుందనే అంది. ఒక్క వానాకాలం గడిచింది. రేడియో బటన్ నొక్కినప్పుడల్లా తెర ఆరి మళ్లీ వెలగడం, ఇంజిన్ వేగంతో పాటు హెచ్చే సన్నటి కూత హెడ్‌సెట్‌లో. తెర మార్చాం, ఆల్టర్నేటరు మార్చాం. ఆఖరికి లగ్ విప్పితే రేకు మీద తెల్లటి పొడి, రాగి మీద పచ్చటి చిలుము. మన కొబ్బరితోట బోరు మోటారు స్టార్టరు మూత తీసి చూడు, అచ్చంగా అదే.

మీటరు పంపే కరెంటు చీమంత, అలాంటి కీలు కూడా దానికి బాగున్నట్టే అనిపిస్తుంది. అదే కీలులో 10 ఆంపులు పారితే, పదో వంతు ఓము చాలు, ఒక వోల్టు మింగెయ్యడానికి. నీ జీ5లకి సొంత బ్యాటరీ ఉంది, తెర ఆరదు. అందుకే ఈ లోపం నీకు ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

కాబట్టి లగ్ అంచు దాటి వేలెడంత మేర రంగు గీకి, మెరిసే లోహం కనబడేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అల్యూమినియం చిలుము పట్టకుండా కాచే ఆలోడైన్ పూయి. తగరం పూత ఉన్న లగ్ వాడు. దాన్ని దానికి తగ్గ క్రింపింగ్ టూలుతోనే నొక్కు. కటింగ్ ప్లేయరుతో నొక్కావని తెలిస్తే చెవి మెలిపెడతాను. బిగించాక అతి చిన్న నిరోధాలు కొలిచే బాండింగ్ మీటరుతో కొలువు, 3 మిల్లీఓములు దాటకూడదు. సీలెంట్ ఆ తర్వాతే. ఆఖర్న, వేగం కొలిచే పిటో గొట్టాన్ని వేడిచేసే పిటో హీట్‌తో సహా అన్నీ వేసి, జీ5 గ్రౌండ్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజి చూడు. పదో వంతు వోల్టు దాటిందా, మళ్లీ విప్పాల్సిందే.

జీ5కి అయస్కాంత దిక్కు చెప్పే మాగ్నెటోమీటర్ దగ్గర ఇనప స్క్రూ ఒక్కటి కూడా ఉండకూడదు. నావ్ లైట్లు, స్ట్రోబ్, పిటో హీట్ ఒక్కొక్కటే వేసి తెర మీద హెడ్డింగ్, అదే దిక్కు అంకె, కదులుతుందేమో చూడు. కదిలితే ఆ వైరు పక్కనే పోతోందన్న మాట.

ఆల్టీమీటర్‌కి బయటి గాలి ఒత్తిడి అందించే స్టాటిక్ గొట్టాల లీక్ పరీక్షలో, దాని ముల్లుని 1000 అడుగులు పైకి ఎక్కించి వదిలితే నిమిషంలో 100 అడుగులకి మించి పడకూడదు. నోటితో ఊదడం, పీల్చడం వద్దు. స్టాటిక్ రంధ్రాల మీద టేపు వేస్తే దానికి బారెడు ఎర్ర రిబ్బను కట్టు. 1996లో పెరూలో విమానం కడిగినవాళ్లు వేసిన టేపు తీయడం మరిచిపోయారు, 70 మంది సముద్రం పాలయ్యారు. పిటోకి కూడా తొడుగు మరవకు, మన కందిరీగలకి మట్టిగూడు కట్టడానికి ఒక్క పూట చాలు.

అక్కయ్యకి ఇవేవీ చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది. సీలెంట్ పూసే ముందు ఆ గ్రౌండ్ లగ్ ఫోటో దగ్గరగా తీసి నాకు పంపు. కళ్లజోడు మార్చుకున్నాన్లే, బాగానే కనబడుతుంది.

మీ మావయ్య