నలిగిన మాట

అమ్మాయీ,

ఆశీస్సులు. జపాన్ ఆటల కంపెనీ నింటెండోలో గేమ్‌బాయ్ తయారుచేసిన ఇంజనీరు గున్‌పే యోకోయ్ మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. ఆరో పేజీ దాకా బాగానే వచ్చాను. అక్కడ 'క్షీణించిన సాంకేతికతతో పార్శ్వ ఆలోచన' అన్నావు చూడు, ఆ ముక్క దగ్గర కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను. మిగతాది పొద్దున కాఫీ తాగాకే చదవగలిగాను.

ఆ మనిషి ముప్పై ఏళ్ల పని ఆ ఒక్క మాట మీద నిలబడింది. నీ వాక్యం చదివినవాళ్లు, పాడైపోయిన మిషన్లు ముందేసుకుని ఏదో ఆలోచించాడు కాబోలు అనుకుంటారు. జపనీస్‌లో ఆయన వాడిన మాట 'కరెత'. చెట్టు ఎండిపోయిందనడానికి వాడే మాటే. ఇంజనీర్లు అన్నప్పుడు మాత్రం అర్థం వేరు. పదిమందీ ఏళ్ల తరబడి వాడి, తప్పులన్నీ బయటపడి, ధర దిగిపోయి, ఇక మోసం చేయదని తేలిన వస్తువు. దీనికి తెలుగులో మాట లేదా? నలిగిన దారి అంటాం. చేతుల్లో నలిగిన నోటు అంటాం. నలిగిన వస్తువుకి కొత్త పని చెప్పడం. ఆయన చెప్పింది ఇంతే. నీకు ఇంగ్లీషు ముక్క దొరికింది, దానికి డిక్షనరీలో తెలుగు వెతికావు. మీ అమ్మ ఏమంటుందో వెతకలేదు.

ఇలాంటి మాటంటే నాకెందుకింత మంటో చెబుతాను. మా నాన్న పంపుసెట్లు బాగుచేసేవాడు. బావిలో గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వులో తోలు వాచరు అరిగితే నీళ్లు నిలవవు, మోటారు ఉత్తినే తిరుగుతుంది. టౌనుకెళ్లి కొత్త వాచరు తెచ్చేసరికి పైరు ఎండుతుంది. నాన్న తన పాత చెప్పు అట్ట కోసేవాడు. బొగ్గుతో గుండ్రంగా గీత గీసి, ఉలితో చుట్టూ చెక్కి, కాసేపు నీళ్లలో నానబెట్టి బిగించేవాడు. ఆ పూట నీళ్లు పారేవి. దాని మీదే నేను నా మొదటి వ్యాసం రాశాను. వారపత్రికలో పడింది. ఎడిటరుగారు నా 'ఫుట్‌వాల్వు'ని కొట్టేసి 'పాదకవాటం' అని వేశారు. చెప్పు అట్ట సంగతి పత్రిక స్థాయికి తగదని తీసేశారు. 'కటిక పేదరికంలో పుట్టి' అని నేను రాయని మాట ముందు తగిలించారు. మేము కటిక పేదలం కాదు. నాన్న పత్రిక దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివి, "పాదకవాటం అంటే ఏంట్రా?" అని అడిగాడు. ముప్పై ఏళ్లు వాటిని విప్పి బిగించిన మనిషి. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ఎడిటరుని ఇప్పటికీ క్షమించలేదు.

అందుకే నీ వ్యాసంలో 'విప్లవాత్మక', 'దార్శనికుడు', 'చెరగని ముద్ర' కనపడగానే నాకు ఆ పాదకవాటం గుర్తొచ్చింది. 1965లో దోషీషా యూనివర్సిటీ నుంచి ఎలక్ట్రానిక్స్ చదివి వచ్చిన కుర్రాడికి నింటెండో ఇచ్చిన పని దార్శనికుడి పని కాదు. హనఫుడా పేకముక్కలు తయారుచేసే మిషన్లు ఆగిపోకుండా చూడటం. తీరిక దొరికితే చేతులు ఊరుకోక ముడుచుకుని చాచుకునే ఒక చెయ్యి తయారుచేసి ఆడుకున్నాడు. ప్రెసిడెంటు యమౌచి అది చూసి పిలిపించాడు. తిట్లు తప్పవనుకుని వెళ్తే, దాన్నే అమ్మే బొమ్మగా చెయ్యమన్నాడు. 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరుతో వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. నువ్వు అంకె ఒక్కటే రాశావు. తిట్లు తినడానికి సిద్ధపడి గదిలోకి వెళ్లిన కుర్రాణ్ని వదిలేశావు.

రైలు సంగతీ అంతే. 'రైలు ప్రయాణంలో ఆయనకు వినూత్న ఆలోచన తట్టింది' అని ఒక్క వాక్యంతో దాటేశావు. అక్కడ ఆగాలమ్మా. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటరు బటన్లు నొక్కుతూ కూర్చున్నాడు. లెక్కలేమీ లేవు, ఊరికే నొక్కుతున్నాడు. యోకోయ్ కన్ను అక్కడ పడింది. పెద్దమనిషి నలుగురి మధ్య ఆడుకోవాలంటే మొహమాటం. ఒళ్లో రెండు చేతులూ పెట్టుకుని, బొటనవేళ్లతో, పక్కవాళ్లు గమనించకుండా ఆడుకునేంత చిన్నదైతే? ఆ మాట ఆయన మీటింగులో లేచి చెప్పలేదు. యమౌచి డ్రైవరుకి ఒంట్లో బాగాలేని రోజు యోకోయ్ కారు నడపాల్సి వచ్చింది. దారిలో మాటల్లో మాటగా చెప్పాడు. వెళ్లిన చోట యమౌచి పక్క కుర్చీలో షార్ప్ కంపెనీ పెద్ద కూర్చున్నాడు. ఓ వారానికల్లా షార్ప్ వాళ్లు నింటెండోకి వచ్చారు. అప్పటికే కాలిక్యులేటర్ల కంపెనీలు ఒకదాంతో ఒకటి పోటీపడి ధరలు దించేయడంతో ఆ చిన్న తెరలు చవకైపోయాయి. 1980లో గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆట బయటికొచ్చింది. నలిగిన కాలిక్యులేటరు తెరకి కొత్త పని చెప్పాడంటే ఇదీ. మా నాన్న చెప్పు అట్టకీ దీనికీ నాకు తేడా కనపడదు.

రెండేళ్లకి అదే వరసలో మడతపెట్టే డాంకీ కాంగ్ వచ్చింది. మూత మూయాలి కాబట్టి పైకి పొడుచుకొచ్చే జాయ్‌స్టిక్ పుల్ల పనికిరాదు. దాని బదులు కూడిక గుర్తు ఆకారంలో పలచటి బటన్ పెట్టాడు. చూడకుండానే ఎటు నొక్కుతున్నామో బొటనవేలికి తెలుస్తుంది. దాన్ని నువ్వు 'దిశా నియంత్రణ ఉపకరణం' అన్నావు. ఇంక నేనేమీ అనను.

మెట్రాయిడ్ ఆట నిర్మాత, తర్వాత మారియోతో పేరు తెచ్చుకున్న కుర్ర మియామోతోకి తొలిరోజుల్లో పై అధికారి, డాక్టర్ మారియో వగైరా జాబితా పేజీన్నర వేశావు. నాలుగు వాక్యాలు చాలు.

గేమ్‌బాయ్ దగ్గర మాత్రం నాలుగు పేజీలైనా రాయి. 1989లో రంగులు లేని తెర, పచ్చటి బురదనీళ్ల రంగు మీద నాలుగు ఛాయలు, వెనక లైటు కూడా లేదు. అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటేడు సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో వచ్చాయి. వాటికి ఆరేసి సెల్స్ కావాలి, అవీ కొద్ది గంటల్లో అయిపోతాయి. గేమ్‌బాయ్‌కి గోడగడియారంలో వేసే సెల్స్ నాలుగు చాలు, రోజుల తరబడి వచ్చేవి. పిల్లవాడికి సెల్స్ కొనిచ్చేది తల్లిదండ్రులు. ఆ ఖర్చు యోకోయ్ లెక్కలో ఉంది, అవతలివాళ్ల లెక్కలో లేదు. తర్వాత వచ్చిన కలర్ మోడల్‌తో కలిపి అవి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

నన్ను బాధపెట్టింది నీ ముగింపు. 1995లో వర్చువల్ బాయ్ అనే ఆట మిషన్ దెబ్బతిన్నది నిజమే. కళ్లకి ఆనించుకుని చూడాలి, అంతా ఎరుపే, ఏడాది తిరక్కుండా ఆపేశారు. నన్నడిగితే, ఆ రైలు మనిషి ఒళ్లో పట్టని వస్తువు ఆయన చేసింది అదొక్కటే. కానీ 'అవమానభారంతో నింటెండోను వీడాడు' అని ఎలా రాశావు? వెళ్లిపోవడానికి అది కారణం కాదని ఆయనే చెప్పుకున్నాడు. 1996లో, గేమ్‌బాయ్ పాకెట్ చేతికి వచ్చాకే బయటికి నడిచాడు. క్యోటోలోనే కోటో అని సొంత కంపెనీ పెట్టాడు. 1997 అక్టోబరులో రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి ఇంకో చేతి ఆట మీద పని చేస్తున్నాడు. ఆయన పోయాక 1999లో వండర్‌స్వాన్ పేరుతో బండాయ్ కంపెనీ దాన్ని అమ్మింది. ఒక్క సెల్‌తో నడిచేది. నలుపు తెలుపు తెరే. అవమానంతో కుంగిపోయిన మనిషి పని నీకు ఇలా కనపడిందా? పడి లేచినవాడు, లేచి పడినవాడు అనే రెండు అచ్చులు తప్ప ఇప్పటి పత్రికలకి మూడోది అక్కర్లేదు. ఏ జీవితం దొరికినా అందులో పోస్తున్నారు. నువ్వు పోయొద్దు.

తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా అని అడిగావు. ముందు ఈ వ్యాసం తెలుగులో తిరగరాయి. ఎక్కడికి పంపాలన్నది తర్వాత చూద్దాం.

తొమ్మిదో పేజీలో బ్రాకెట్లో ఒక వాక్యం ఉంది. 'మా అన్నయ్య తిరునాళ్లలో కొన్న బ్రిక్ గేమ్‌కి సెల్స్ మూత పోతే, అమ్మ జడకి పెట్టే రబ్బరుబ్యాండు రెండు చుట్లు చుట్టి ఆడేవాళ్లం.' దాన్ని నాలుగుసార్లు చదివాను. యోకోయ్ పక్కన కూర్చోగల వాక్యం అదొక్కటే, దాన్ని బ్రాకెట్లో దాచావు. బ్రాకెట్లు తీసెయ్యి. మొదటి పేజీలో పెట్టు. రెండు చుట్లు చుడితే బటన్లకి అడ్డం రాలేదా? సెల్స్ జారిపోతే ఆట మొదటికొచ్చేదా? అన్నయ్యనడిగి రాయి. ఆ బ్రిక్ గేమ్ ఇంట్లో ఎక్కడైనా ఉంటే ముందు వెతుకు. చేతిలో పట్టుకుని రాయి.

సంక్రాంతికి ఇంట్లోనే ఉంటాను. అప్పటికి పూర్తయితే తీసుకురా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు