ఫోన్ లాక్కోకమ్మా!

ప్రశ్న: టీచరమ్మా, మా మామయ్యగారికి 70 ఏళ్లు. వాట్సాప్‌లో ఏది వచ్చినా అందరికీ పంపేస్తారు. మొన్న ఆయన పంపిన చిట్కా నమ్మి మా ఆడపడుచు రెండ్రోజులు షుగరు మాత్రలు మానేసింది. స్మార్ట్‌ఫోన్ తీసేసుకుని బటన్ ఫోన్ ఇద్దామంటున్నారు మావారు. ఏమంటారు?
— ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మాయీ, ముందు నా సంగతి విను. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని తెలంగాణలో ఊరూరా మెసేజ్‌లు పాకాయి. నాకూ ఓ వాయిస్ మెసేజ్ వచ్చింది. ముప్ఫై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన తెలుగు పంతులమ్మని, వెనకాముందు చూడకుండా మా వీధి గ్రూపులో పడేశాను. మర్నాడు సాయంత్రం, పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెను సందు మొగలోనే ఆపి మూట విప్పమన్నారు. ఏముంటాయి, చీరలే! అన్నిటికన్నా పైనున్నది పొద్దున నేను వేసిందే. ఏడుస్తూ మళ్లీ మూట కట్టుకుని వెళ్లిపోయింది. ఇప్పటిదాకా మా వీధికి రాలేదు. ఆ రోజుల్లో గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి, పుకార్లు నమ్మొద్దని ఊళ్లలో డప్పు కొట్టించి పాటలు పాడించారు. చదువురాని వాళ్లకేలే అనుకున్నాను. ఆ డప్పు మోగాల్సింది మా ఇంటి ముందు.

అయినా ఫోన్ లాక్కోకు. గుంటూరు నుంచి కాపురానికొచ్చి సిద్దిపేట పల్లెల్లో పాఠాలు చెప్పినదాన్ని. పిల్లలు 'ఆనిగెపుకాయ' అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి 'సొరకాయ' అని దిద్దేదాన్ని. రిటైరయ్యాక వాట్సాప్‌లోనే ఓ మిద్దెతోట గ్రూపులో చేరాను. శ్రీకాకుళం ఆవిడొకరు విత్తనాలు పంపుతూ కవరు మీద 'ఆనపకాయ' అని రాసింది. అటు శ్రీకాకుళంలో, ఇటు సిద్దిపేటలో ఒకటే మాట. మధ్యలో తెలియంది నాకు. ఎన్ని నోటుపుస్తకాలు పాడుచేశానో! చేతిలో ఆ ఫోనే లేకపోతే నా తప్పు నాకు తెలిసేదే కాదు.

మీ మామయ్యగారి పక్కన కూర్చుని, మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుంటే చాలా చేతులు మారి వచ్చిందని చూపించు. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్కరికో, ఒక్క గ్రూపుకో తప్ప పంపడానికి కుదరదు. ఆ ఒక్కరూ నువ్వే అవు. "ముందు నాకు పంపండి మామయ్యా" అను. మందుల మాటయితే మాత్రం డాక్టరుని అడిగేదాకా నీ దగ్గరే ఆపు.